కృష్ణపట్నం తీరానికి లేజరా, గన్నా, జామరా? ఏది ఎక్కడ పనికొస్తుంది

కర్నూలు దగ్గర ఓర్వకల్లు రేంజిలో 2025 ఏప్రిల్ 13న డీఆర్‌డీఓ వాళ్ళు 30 కిలోవాట్ల లేజర్‌తో డ్రోన్‌ని కాల్చి పడేసిన దగ్గర్నుంచి మా ఒంగోలు, నెల్లూరు కుర్రాళ్ళు అడిగే ప్రశ్న ఒకటే. ఇంక మిసైళ్ళెందుకు, గన్నులెందుకు, కృష్ణపట్నం పోర్టులో ఒకటి, శ్రీహరికోట దగ్గర ఒకటి, కొత్తపట్నం ఒడ్డున ఒకటి లేజర్లు నిలబెట్టేస్తే పని అయిపోదా అని. అయిపోదు. ఎందుకు అయిపోదో, అలాగే ఏ చోట మాత్రం లేజర్‌ని మించింది లేదో, రెండూ చెప్తాను. నేను సైన్యం మనిషిని కాదు. ఒంగోల్లో ఇనుప ప్లేట్లు కోసే ఫైబర్ లేజర్ మెషీన్ మీద పనిచేస్తాను. ఇప్పుడొస్తున్న లేజర్ ఆయుధాల్లో చాలావాటి లోపల ఉండేది కూడా అదే జాతి లేజర్, ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) దగ్గర తరంగదైర్ఘ్యం, కంటికి కనిపించని వెలుగు. అందుకని దాని బలం, దాని మొండితనం రెండూ రోజూ చూస్తూనే ఉంటాను.

ముందే నా లెక్క చెప్పేస్తా. మన తీరానికి డబ్బు పెట్టాల్సిన వరసలో మొదటిది డ్రోన్‌ని కనిపెట్టే రాడార్, కెమెరాలు. రెండోది డ్రోన్ రేడియో సిగ్నల్‌ని చెడగొట్టే జామర్. మూడోది రాడార్‌తో కలిపిన గన్. లేజర్ నాలుగోది. ఒక్క శ్రీహరికోట దగ్గర మాత్రం ఈ వరస మారుతుంది, అదెందుకో కింద చెప్తాను.

లేజర్‌తో అసలు ఇబ్బంది గాలే

మా షెడ్డులో 3 కిలోవాట్ల మెషీన్ 10 మిల్లీమీటర్ల ఇనుప ప్లేటుని గీత గీసినట్టు కోసేస్తుంది. అది చూసినవాళ్ళు ఎవరైనా 30 కిలోవాట్లంటే ఇంక యుద్ధ ట్యాంకుని కూడా కోసేస్తుందనుకుంటారు. కానీ అక్కడ నాజిల్‌కీ ప్లేటుకీ మధ్య సందు మిల్లీమీటరు ఉంటుందంతే, వెలుగంతా వెంట్రుక మందం చుక్క మీద పడుతుంది, పక్కనుంచి ఆక్సిజన్ ఊది కరిగిన ఇనుముని తోసేస్తూ ఉంటాం. ఆయుధానికి ఈ మూడింటిలో ఒక్కటీ ఉండదు. మూడు కిలోమీటర్ల దూరంలో ఊగుతూ ఎగురుతున్న వస్తువు మీద, మధ్యలో ఉన్న గాలంతా దాటుకొని, ఒకే చోట కొన్ని సెకన్ల పాటు వెలుగుని నిలబెట్టాలి.

ముందు చుక్క సైజు చూడండి. వెలుగుని గురి మీదికి పంపడానికి 30 సెంటీమీటర్ల అద్దం వాడితే, భౌతికశాస్త్రం ఒప్పుకునే అతి చిన్న చుక్క మూడు కిలోమీటర్ల దగ్గర రెండున్నర సెంటీమీటర్ల పైచిలుకు. అది కాగితం మీద లెక్క. గాలి కదలిక వల్ల, అద్దం వణుకు వల్ల అది రెట్టింపైతే, చుక్క మీద పడే వేడి నాలుగో వంతుకి పడిపోతుంది. దూరం రెట్టింపైనా అదే శిక్ష. లేజర్ ఆయుధం రేంజి ఐదు కిలోమీటర్లని ఎవరైనా రాస్తే, రెండు కిలోమీటర్ల దగ్గర చేసినంత పని ఐదు దగ్గర కూడా చేస్తుందని అనుకోవద్దు.

తర్వాత గాలి ఎంత మింగుతుందన్నది. కంటికి ఎంత దూరం కనిపిస్తోందో చెబితే లేజర్ ఎంత మిగులుతుందో అంచనా ఇచ్చే క్రూస్ సూత్రం ఒకటుంది. దాంతో మన ప్రాంతానికి లెక్కేసి చూశాను. 20 కిలోమీటర్లు కనిపించే తేటైన రోజున, మూడు కిలోమీటర్లు పోయేసరికి 78 శాతం మిగులుతుంది, బాగుంది. చూపు 5 కిలోమీటర్లే ఆనే పొగమంచు పూట 30 శాతం మిగులుతుంది. చూపు ఒక్క కిలోమీటరే ఆనే పూట, అంటే డిసెంబరు, జనవరి పొద్దున్నే నాయుడుపేట, నెల్లూరు మధ్య హైవే మీద లారీలన్నీ లైట్లు వేసుకొని పాకుతూ పోయే రోజుల్లో, 30 కిలోవాట్లలో అవతలికి చేరేది సుమారు 10 వాట్లు. కిలోవాట్లు కాదండీ, వాట్లే. దాంతో డ్రోన్ మీద రంగు కూడా మాడదు.

కర్నూలు పొడి నేల. మనది ఉప్పు గాలి, చెరువుల తేమ, పెన్నా డెల్టా మంచు, పైగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు. అక్కడ పనిచేసింది ఇక్కడ ఏడాది పొడవునా అంతే పనిచేస్తుందని అనుకోవడానికి వీల్లేదు. వానలో డ్రోన్లు మాత్రం ఎగురుతాయా అని అడగొచ్చు, న్యాయమైన ప్రశ్నే. తుపాను గాలిలో చిన్న డ్రోన్లు ఎగరలేవు. కానీ తేలికపాటి జల్లులో, మంచులో, కిందికి దిగిన మబ్బుల్లో రెక్కల డ్రోన్లు హాయిగా వస్తాయి. దాడి చేసేవాడు వాతావరణం చూసుకొనే వస్తాడు, మనకి ఆ వీలుండదు.

ఎండాకాలం ఇంకో సంగతి. రోహిణి కార్తెలో మధ్యాహ్నం నేల మీంచి లేచే సెగలో దూరంగా ఉన్న చెట్లు అలలు అలలుగా ఊగినట్టు కనిపిస్తాయి కదా, లేజర్ కిరణం కూడా ఆ సెగలో అలాగే చెదురుతుంది. గాలి స్తంభించిపోయిన రోజున కిరణం తన దారిలోని గాలిని తనే వేడెక్కించుకొని తనే విచ్చుకుపోతుంది. దీన్ని థర్మల్ బ్లూమింగ్ అంటారు. డ్రోన్ అడ్డంగా పోతుంటే కిరణం కొత్త గాలిలోకి జరుగుతూ ఉంటుంది కాబట్టి కొంత నయం. నేరుగా మన మీదికే వస్తుంటే మాత్రం అదే గాలి అదే చోట కాగుతూ ఉంటుంది. పవర్ పెంచినకొద్దీ ఈ జబ్బు ఎక్కువవుతుంది, అందుకే వాట్లు పెంచుకుంటూ పోతే అన్నీ తీరిపోతాయన్న మాట నేను నమ్మను.

కరెంటు, చల్లదనం, సెకన్లు

ఫైబర్ లేజర్‌కి ఇచ్చిన కరెంటులో మూడో వంతు వెలుగవుతుంది, మిగతాదంతా వేడి. 30 కిలోవాట్ల వెలుగు కావాలంటే 90 కిలోవాట్ల కరెంటు పెట్టాలి, 60 కిలోవాట్ల వేడిని బయటికి తోయాలి. 60 కిలోవాట్ల వేడంటే దగ్గరదగ్గర పదకొండు ఒకటిన్నర టన్ను ఏసీలు ఒకేసారి లాగే వేడి. ఆయుధం ఆపకుండా కాల్చదు కాబట్టి బ్యాటరీల్లో కరెంటునీ, ట్యాంకుల్లో చల్లదనాన్నీ ముందే దాచుకొని కాసేపు కాలుస్తారు. ఆ దాచుకున్నది అయిపోతే ఆగాలి. మా మెషీన్‌కే మే నెలలో నీళ్ళు చల్లబరిచే చిల్లర్ అలారం మోగి పని ఆగిపోతుంటుంది, లేజర్ బ్రహ్మాండంగా ఉంటుంది, నీళ్ళు మాత్రం చల్లబడవు. అమెరికా సైన్యం 50 కిలోవాట్ల లేజర్లని స్ట్రైకర్ బండ్ల మీద పెట్టి 2024లో పశ్చిమాసియాకి పంపితే అక్కడ తేలింది కూడా ఇలాంటిదే: వేడి వదిలించుకోవడం, బండి కుదుపులకి సామాన్లు అరిగిపోవడం తేలికగా లేవని వాళ్ళ అధికారులే చెప్పారు.

ఇంక అద్దం. మా మెషీన్‌లో లెన్సు కింద చిన్న రక్షణ గ్లాసు ఉంటుంది. దాని మీద ఆవగింజలో సగమంత నల్ల మచ్చ పడినా అక్కడ వేడి పట్టి, గ్లాసు పగిలి, కోత చెడిపోతుంది. వేలిముద్ర పడినా అంతే. అందుకే దాన్ని మార్చేటప్పుడు ఫ్యాను ఆపేసి, చేతికి గ్లౌజు వేసుకొని, మాటలు కూడా ఆపేసి మారుస్తాం. కృష్ణపట్నంలో ఒకపక్క బొగ్గు పొడి, ఒకపక్క సముద్రపు ఉప్పు తుంపర. అక్కడ ఆయుధం ముందున్న పెద్ద అద్దాన్ని రోజూ శుభ్రంగా ఉంచే మనుషులు, స్పేర్ అద్దాలు, మూత ఉన్న గది లేకుండా లేజర్ పెట్టడం దండగ.

ఒకసారి ఒక్కదాన్నే కాల్చగలగడం అన్నిటికంటే పెద్ద పరిమితి. గంటకి 180 కిలోమీటర్ల వేగంతో వచ్చే డ్రోన్ సెకనుకి 50 మీటర్లు వస్తుంది. మూడు కిలోమీటర్ల దగ్గర మొదలుపెట్టి అర కిలోమీటరు దాకా వచ్చేలోపు మనకి దొరికేది 50 సెకన్లు. ఒక్కోదానికి ఐదు సెకన్ల కాల్పు, గురి మార్చుకోవడానికి రెండు సెకన్లు అనుకుంటే ఏడు డ్రోన్లు. ఎనిమిదోది వచ్చి పడుతుంది. అదే మంచులో 30 శాతమే మిగిలితే ఐదు సెకన్ల పని పదహారు సెకన్లకి పైగా పడుతుంది, అప్పుడు మూడోదాన్ని పడేయడమే కష్టం. బ్రహ్మోస్ లాంటి వేగం ఉన్న మిసైల్ మీదికి వస్తే ఆ మూడు కిలోమీటర్లూ మూడు సెకన్ల పైచిలుకులో అయిపోతాయి, లేజర్ అక్కడ లేనట్టే.

డ్రోన్‌కి అద్దం రేకు అతికిస్తే లేజర్ తిరగబడదా అని చాలామంది అడుగుతారు. పూర్తిగా తిరగబడదు. దుమ్ము, ఉప్పు పట్టిన చోట వేడి పుడుతుంది, రేకు మాడుతుంది. కెమెరా కన్నుకి ఎలాగూ రేకు అతికించలేరు. కానీ రేకైనా, మందంగా మాడే పూతైనా, గిరగిరా తిరుగుతూ ఎగరడమైనా ఇంకో మూడు నాలుగు సెకన్లు కొనిపెడతాయి, మన దగ్గర కొరతగా ఉన్నవే ఆ సెకన్లు.

దూరం నుంచి బాలిస్టిక్ మిసైళ్ళని కాల్చే కలని అమెరికా వాళ్ళు చాలా ఖరీదు పెట్టి కన్నారు. బోయింగ్ 747 విమానంలో మెగావాట్ స్థాయి రసాయన లేజర్ పెట్టి 2010 ఫిబ్రవరిలో గాల్లోనే ఒక మిసైల్‌ని కూల్చి చూపించారు కూడా. అయినా 2011లో ఆపేశారు. పనికొచ్చేంత దూరం నుంచి కాల్చాలంటే లేజర్ ఇంకా 20, 30 రెట్లు బలంగా ఉండాలని అప్పటి రక్షణమంత్రి రాబర్ట్ గేట్స్ చెప్పాడు.

మిగతావి ఎలా ఉన్నాయి

గన్: 2025 మేలో ఆపరేషన్ సిందూర్ సమయంలో ఒక్క రాత్రి 36 చోట్ల 300 నుంచి 400 డ్రోన్లు వచ్చాయని మన ప్రభుత్వం చెప్పింది. వాటిని ఆపడంలో ముందు నిలబడ్డవాటిలో 1960ల్లో కొన్న ఎల్-70 గన్నులున్నాయి, కొత్త రాడార్లు, కెమెరాలు తగిలించినవి. 40 మిల్లీమీటర్ల గుండు, నిమిషానికి సుమారు 300, మూడున్నర కిలోమీటర్ల దాకా పని. మంచైనా మబ్బైనా రాడార్ చూపిస్తే కాలుస్తుంది, ఇది దాని గొప్ప. చెడ్డ గుణం ఏందంటే కాల్చిన ఇనుమంతా ఎక్కడో ఒకచోట కిందికి రావాల్సిందే. మైపాడు, ఇస్కపల్లి బోట్లు చీకట్లోనే సముద్రం మీద ఉంటాయి, వాటి మీద పడొచ్చు.

జామర్: అన్నిటికంటే చవక, తేలిక, ఒకేసారి చాలా డ్రోన్లని తికమక పెడుతుంది. మామూలు రిమోట్ డ్రోన్లకి, జీపీఎస్ మీద ఆధారపడేవాటికి ఇది చాలు. ఉక్రెయిన్ యుద్ధంలో మాత్రం సన్నటి ఫైబర్ తీగని వెనకాల విప్పుకుంటూ ఎగిరే డ్రోన్లు వచ్చేశాయి, వాటికి రేడియో సిగ్నలే అక్కర్లేదు కాబట్టి జామర్‌కి లొంగవు. అందుకని జామర్ ఉండాలి, జామర్ ఒక్కటే ఉంటే మాత్రం చాలదు.

మైక్రోవేవ్ ఆయుధం: బలమైన రేడియో తరంగాలు వదిలే ఇది లేజర్‌లా సూదిమొన కాదు, వెడల్పుగా పడుతుంది, గుంపు మొత్తంలోని ఎలక్ట్రానిక్స్‌ని ఒకేసారి కాల్చగలదు. దూరం బాగా తక్కువ. మన సొంత సామాన్ల పక్కన పెట్టుకోవడమూ కష్టం. గుంపుల దాడికి నాకు లేజర్ కంటే దీనిమీదే నమ్మకం ఎక్కువ.

చిన్న రాకెట్లు: సోలార్ డిఫెన్స్ వాళ్ళ భార్గవాస్త్రని 2025 మేలో గోపాల్‌పూర్‌లో పరీక్షించారు, రెండున్నర కిలోమీటర్ల దాకా గుంపుల మీద చిన్న రాకెట్లు వదులుతుంది. పరీక్ష సముద్రతీరంలోనే జరగడం నాకు నచ్చింది.

మిసైల్: 25 కిలోమీటర్ల ఆకాశ్ అయినా, మనుషులు మోసుకెళ్ళగలిగే 6 కిలోమీటర్ల వీషోరాడ్స్ అయినా, వేగంగా దూరం నుంచి వచ్చేవాటికి ఇవి తప్ప దిక్కు లేదు. ఖరీదే బాధ. ఎర్రసముద్రంలో యెమెన్ హౌతీ తిరుగుబాటుదారుల చవక డ్రోన్ల మీద అమెరికా ఓడలు ఒక్కోటి ఇరవై లక్షల డాలర్ల మిసైళ్ళు వదలాల్సి వచ్చింది. లేజర్ మీద ప్రపంచానికి ఇంత ఆశ పుట్టిందే అక్కడ. కొన్ని సెకన్లు కాల్చడానికి రెండు లీటర్ల పెట్రోలు ఖర్చంత అవుతుందని డీఆర్‌డీఓ, తన డ్రాగన్‌ఫైర్ లేజర్‌తో ఒక కాల్పుకి పది పౌండ్లని బ్రిటన్ చెప్పాయి. ఆ మాటలు నిజమే, కానీ అది కరెంటు ఖర్చు. యంత్రం, అద్దాలు, చిల్లర్, మనుషులు, జనరేటర్ లెక్క వేరు. ఏడాదికి రెండుసార్లు కాల్చే చోట ఆ చవకతనం కనిపించదు, వారానికి పదిసార్లు డ్రోన్లు వచ్చే సరిహద్దులో కనిపిస్తుంది. ఇజ్రాయెల్ 100 కిలోవాట్ల ఐరన్ బీమ్ లేజర్‌ని తెచ్చుకున్నా మిసైళ్ళు వదిలే ఐరన్ డోమ్‌ని తీసేయలేదు, రెండూ పక్కపక్కన ఉంచుకుంది.

మన చోట్లకి నా ఎంపిక

కృష్ణపట్నం పోర్టు, పక్కనే నేలటూరు థర్మల్ కేంద్రం: ఇక్కడ కరెంటుకి కొరత లేదు, స్థిరంగా కట్టుకోవచ్చు, లేజర్‌కి అది మంచిదే. కానీ క్రేన్లు, పొగగొట్టాలు, ఓడలు అడ్డం, లేజర్‌కి నేరుగా కనిపించాలి, మలుపు తిరగదు. ఇనుము మీద పడి చెదిరిన వెలుగు కంటికి కనిపించదు కాబట్టి రెప్ప కూడా వాలదు, క్రేన్ ఆపరేటర్ చూపు పోవచ్చు. మేం షెడ్డులో కళ్ళజోడు లేకుండా మెషీన్ దగ్గరికి ఎవర్నీ రానివ్వం, పోర్టులో అందరికీ కళ్ళజోళ్ళు పెట్టలేం. శత్రువు కళ్ళు పోగొట్టడానికే తయారుచేసే లేజర్లని 1995 నాటి అంతర్జాతీయ ఒప్పందం నిషేధించింది, అలాంటిది మన కూలీల కళ్ళ విషయంలో ఇంకెంత జాగ్రత్త కావాలి. కాబట్టి జామర్, రెండు గన్నులు, భార్గవాస్త్ర లాంటిది ఒకటి ముందు పెట్టి, లేజర్ పెడితే సముద్రం వైపు మాత్రమే తిరిగేలా ఎత్తైన చోట ఒకటి పెట్టాలి.

శ్రీహరికోట: వరస మారేది ఇక్కడే. ప్రయోగం జరిగే చోట రాకెట్‌కీ నేలకీ మధ్య రేడియో సంకేతాలే ప్రాణం, అక్కడ ఇష్టం వచ్చినట్టు జామర్ ఆన్ చేయలేం, మైక్రోవేవ్ ఇంకా ప్రమాదం. ఇంధనం నిల్వలున్న చోట గన్ గుండ్ల ముక్కలు రాలడమూ మంచిది కాదు. రేడియో శబ్దం చేయకుండా, పేలుడు సామాను లేకుండా డ్రోన్‌ని దించేది లేజరే. ఎలాగూ వాతావరణం బాగోకపోతే ప్రయోగం వాయిదా పడుతుంది కాబట్టి, ప్రయోగం రోజున లేజర్‌కి కావాల్సిన ఆకాశం దొరికే అవకాశం ఎక్కువ. ఒక షరతు ఉంది. గురి తప్పిన కిరణం ఆగదు, పైకి పోతూనే ఉంటుంది. ఆ దారిలో విమానం గానీ ఉపగ్రహం గానీ ఉందేమో ముందే చూసుకునే ఏర్పాటు ఉండాలి. ఇక్కడ లేజర్‌ని రెండో స్థానంలో పెడతాను, కనిపెట్టే రాడార్ తర్వాత.

దొనకొండ, కనిగిరి, పొదిలి వైపు: తీరం కంటే పొడి గాలి, చూపు దూరం ఆనుతుంది, లేజర్‌కి మన ప్రాంతంలో బాగా కలిసొచ్చేది ఈ పడమటి భాగమే. అక్కడ రేపు ఏదైనా రక్షణ కేంద్రం వస్తే నేల మీద కాకుండా టవర్ మీదో గుట్ట మీదో పెట్టాలి, మధ్యాహ్నపు సెగ అంతా కిందనే ఉంటుంది. చీమకుర్తి క్వారీల దగ్గర మాత్రం వద్దు. గ్రానైట్ దుమ్ము అద్దానికి ఉప్పు కంటే చెడ్డది, తుడిస్తే గీతలు పడతాయి.

కొత్తపట్నం నుంచి మైపాడు దాకా ఉన్న పల్లెల తీరం: ఇక్కడ స్థిరంగా ఏ ఆయుధమూ అక్కర్లేదు. ట్రక్కు మీద తిరిగే చిన్న రాడార్, జామర్ చాలు. అవసరం వచ్చినప్పుడు గన్ దళాన్ని తెచ్చుకోవచ్చు. ఆ దళం ఏ రాత్రి ఏ వైపు కాల్చే అవకాశం ఉందో మెరైన్ పోలీసుల ద్వారా బోట్లవాళ్ళకి సాయంత్రానికే తెలియాలి, ఎందుకంటే వలలు వేసుకొని అర్ధరాత్రి నడిసముద్రంలో ఉన్నవాళ్ళకి అప్పటికప్పుడు ఫోన్ కలవదు.